పరీక్షింపని మగగుఱ్ఱమును విత్తనమునకు వాడరాదు

(కూర్మన్నపాలెము రైతుసభలో చదువుటకై సిద్ధపఱుపబడిన ఉపన్యాసము)



విత్తనము చెడినయెడల ఎరువు, నీరు, కాపుదల ఎంత బాగుగా నున్నను పంట పండదని రైతునకు వేఱొకరు బోధింపనక్కఱలేదు. వడ్లను ఉప్పునీట పోసి తేలిన తాలును తీసివేయుట, గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటకట్టి ఎన్ని మొలచినవో లెక్కించుట గ్రామములలో ఎల్లవారికిని తెలిసిన పనులే. ఒక్క కారు పంటకై యింత జాగ్రత్త చూపు రైతు, పది పదునైదేండ్లు సంతానము నిచ్చు మగగుఱ్ఱము విషయమున మాత్రము కంటిచూపుతోనే తృప్తి పడుచున్నాడు. "పొరుగూరి గుఱ్ఱము మంచి రంగు, మెడ వంచి నిలుచును, మొన్నటి పండుగకు పందెము గెలిచినది, అరబ్బీ కలిసిన దట" అని విని ఆడుగుఱ్ఱమును తోలుకొని పోవుచున్నాడు. విత్తనపు మగగుఱ్ఱమును దాటింపక పూర్వము ఎట్లు పరీక్షింపవలయును, ఇతర దేశములలో అరబ్బీ గుఱ్ఱములను ఎట్లు పరీక్షించి అనుమతి నిచ్చుచున్నారు, ఆ పద్ధతిని ఈ ప్రాంతపు రైతులు తమ శక్తికొలది ఎట్లు అనుసరింపవచ్చును అను విషయము లిందు చెప్పబడును.

గుఱ్ఱముతో పని యెవరికి?

కూర్మన్నపాలెములో గుఱ్ఱముతో పని యేమని కొందఱు అడుగవచ్చును. 1971 వ సంవత్సరము జనవరి 20 వ తేదీన విశాఖ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది మొదలు ఈ ప్రాంతపు రూపమే మాఱిపోయినది. పొలములు పోయినవి, జట్కాలు పోయినవి, ఊరు పట్టణములో కలిసినది. అయినను గుఱ్ఱము బొత్తిగా పోలేదు. విశాఖ సముద్రతీరమున పిల్లలను ఎక్కించుకొని తిరుగుచున్నది. పెండ్లి యూరేగింపులకు వచ్చుచున్నది. పండుగలకును తీర్థములకును చుట్టుపట్టు పల్లెలలో గుఱ్ఱపు పందెములు జరుగుచున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, 2022 లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడిన మన్యమునందు బండి పోలేని కొండదారులలో సంతసరకును, బియ్యమును, ఒక్కొక్కప్పుడు మనుష్యులను గూడ మోయునది గుఱ్ఱమే. అచ్చటి కుటుంబమునకు గుఱ్ఱము వేడుక కాదు, కాళ్ళవంటిది. అది కుంటువడిన దినమున బరువు మనుష్యుని వీపు మీదికి వచ్చును.

కావున మగగుఱ్ఱమును తప్పుగా ఎన్నుకొనిన నష్టమును లెక్కకట్టి చూడవలయును. ఆడుగుఱ్ఱము చూలు మోయు కాలము సుమారు 11 మాసములు. పుట్టిన పిల్లకు నాలుగేండ్లు వచ్చువఱకు దాని వీపున నిండు బరువు వేయరాదు. అనగా నేడు దాటించిన ఆడుగుఱ్ఱము యొక్క ఫలము మంచిదో చెడ్డదో తెలియుటకు ఐదేండ్లు పట్టును. వరిలో తప్పు చేసినవాడు మఱుసటి యేట దిద్దుకొనును. ఇందులో తప్పు చేసినవాడు ఐదేండ్లు ఉలవలు పెట్టి, గడ్డి వేసి, పనికిరాని జంతువును పెంచును. ఇక ఒక్క మగగుఱ్ఱమునకు ఏటికి 20 ఆడుగుఱ్ఱముల చొప్పున ఐదేండ్లు దాటించినచో నూఱు దాట్లు. వానిలో సగమే నిలిచిన దనుకొన్నను 50 పిల్లలు. మొదటి పిల్ల వంకర కాళ్ళతో పనికి రాకపోయె నని తెలియునప్పటికి తక్కిన నలుబదితొమ్మిదియు పుట్టియో, కడుపులో పడియో యుండును. పరీక్షను ముందుగా చేయవలయు ననుటకు ఇదియే కారణము.

పూర్వుల అనుభవము

దక్షిణదేశపు రాజులు గుఱ్ఱములకై ఖర్చుచేసిన ధనము అపారము. 13 వ శతాబ్దమున వచ్చిన మార్కో పోలో అను వెనీసు వర్తకుడు, పాండ్యదేశపు రాజులు ఏటేట అరబ్బుదేశపు రేవుల నుండి వేలకొలది గుఱ్ఱములను తెప్పించుకొను చుండిరనియు, సరియైన మేతయు పోషణయు లేక అవి త్వరలోనే చచ్చుచుండెననియు వ్రాసెను. మంచి మగగుఱ్ఱమును మంచి ఆడుగుఱ్ఱమునకు దాటించినను అచ్చట పుట్టెడి పిల్ల పొట్టిదై, కాళ్ళు వంకరవోయి, స్వారికి పనికిరాక యుండెనని గూడ అతడు వ్రాసెను. విజయనగరమున కృష్ణదేవరాయలు ఏటికి 13,000 గుఱ్ఱములను ఓర్మజు నుండి కొనుచుండెనని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజు వ్రాసెను. కొనుగోలునకు లోటు లేకుండెను. కాని ఓడ దిగిన గుఱ్ఱములలో ఏది ఈ నేలకును, ఈ యెండకును, ఈ మేతకును తట్టుకొని పనిచేయగలదో చూచి, దాని సంతానమునే వృద్ధిచేయుట అను కార్యము స్థిరపడనిచో ఎన్ని యేండ్లు కొన్నను మరల కొనవలసినదే.

మనవారికి అశ్వవిద్య తెలియక కాదు. మనుమంచి భట్టు అను కవి గుఱ్ఱముల లక్షణములను గూర్చి తెలుగున హయలక్షణవిలాసమను గ్రంథమునే రచించెను. రంగులు, సుడులు, పండ్లు, గొరిజలు, నడకలు మొదలగువానిని బట్టి గుఱ్ఱమును ఎంచుట ఈ దేశమున పూర్వాచారము. ఇందు రెండు భాగములు కలవు. పండ్లను బట్టి వయస్సును, గొరిజను బట్టి నడకను, కంటిని బట్టి చూపును నిర్ణయించుట అనుభవముచే నిలిచిన విద్య. దానిని నేడును విడువరాదు. నుదుట సుడి యిటు తిరిగిన యజమానునకు లాభమనియు, అటు తిరిగిన నష్టమనియు చెప్పుట వేఱు. సుడి బరువు మోయదు, కొండ యెక్కదు. సుడి చూచి మంచి గుఱ్ఱమును త్రోసివేసినవాడును, సుడి చూచి చెడ్డ గుఱ్ఱమును తెచ్చుకొన్నవాడును సమానముగా నష్టపడుదురు.

పట్టా, అడంగలు, కళ్ళము

విత్తనపు గుఱ్ఱమును మూడు విధములుగా తెలిసికొనవచ్చును: వంశమును బట్టి, పనిని బట్టి, సంతానమును బట్టి. రైతులకు పరిచితమైన భాషలో చెప్పినచో, వంశపత్రము పట్టావంటిది. భూమి యెవరి దగునో పట్టా చెప్పును గాని, ఆ యేట దానిలో ఏమి సాగైనదో చెప్పదు. సాగును తెలుపునది అడంగలు, పనిపరీక్ష అట్టిది. ఇక పండిన దెంతయో కళ్ళములో కొలిచినగాని తేలదు, సంతానము కళ్ళమువంటిది. పట్టా చూచి పంటను నిర్ణయించువాడు లేడు. కాని అరబ్బీ వంశపత్రమును చూచి గుఱ్ఱమును నిర్ణయించువారు నేడును గలరు.

అరబ్బీ గుఱ్ఱము విషయమున ఈ ప్రమాదము మఱింత హెచ్చు. దాని తలకట్టు, విశాలమైన కన్నులు, ఎత్తి పట్టిన తోక చూచువారిని ఆకర్షించును. అందముకొఱకే పెంచి, అందముకొఱకే బహుమానము లిచ్చుచు పోయినచో, ఏ గుణముచేత ఆ జాతి ప్రపంచప్రసిద్ధి గాంచినదో ఆ గుణమే, అనగా ఎడారిలో కొలదిపాటి మేతతో దూరము పోగల ఓర్పే, తరతరమునకు తగ్గిపోవును. కనుకనే ఆ జాతిని శ్రద్ధగా పెంచిన దేశములు పనిపరీక్షను పట్టుకొని విడువలేదు.

ఇతర దేశముల పద్ధతులు

జర్మనీలోని వ్యుర్టెంబర్గు రాజు మొదటి విల్‌హెల్ము 1817 లో వైల్ అనుచోట అరబ్బీ గుఱ్ఱముల క్షేత్రమును స్థాపించెను. ఆ మంద 1932 లో మార్‌బాఖు ప్రభుత్వక్షేత్రమునకు చేరి నేటికిని కొనసాగుచున్నది. ఆ దేశముననే మగగుఱ్ఱములను ఒకచోట చేర్చి పరీక్షించు పద్ధతి పుట్టెను. 1926 లో తూర్పు ప్రష్యాలోని త్స్వియోనులోను, 1928 లో సెల్లె నగరము చెంతనున్న వెస్టర్‌సెల్లెలోను ఇందుకై స్థానములు ఏర్పడినవి. ఈ పద్ధతి యొక్క సారము గమనింపదగినది. వేర్వేఱు యజమానుల గుఱ్ఱము లన్నియు ఒకే కొట్టములో, ఒకే మేతతో, ఒకే శిక్షకుల చేతిలో కొన్ని వారములు ఉండును. ధనికుని గుఱ్ఱమునకు మంచి రౌతు, పేదవాని గుఱ్ఱమునకు చెడ్డ రౌతు అను భేదము తొలగిపోవును. పరీక్షకులు ఒక్క దినపు పరుగును మాత్రమే గాక, దాని స్వభావము, పనియం దాసక్తి, మేత తిను తీరు, నడకలు, అలసట తీఱు వేగము మొదలగువాని నన్నిటిని కనిపెట్టి గుణములు వేయుదురు.

పోలెండు దేశమున యానోవు పొడ్లాస్కి అను ప్రభుత్వక్షేత్రము 1817 లో నెలకొల్పబడినది. ఆ దేశస్థులు 1927 నుండి అరబ్బీ గుఱ్ఱములకు ప్రత్యేకముగా పందెములు నడపి, మైదానమున పరుగెత్తి కాళ్ళు చెడక తిరిగివచ్చిన వానిని సంతానమునకు నిలుపు ఆచారమును వృద్ధిచేసిరి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1919 మొదలు 1923 వఱకు సైన్యమునకు తగిన గుఱ్ఱముల నెన్నుటకై దూరపు స్వారిపరీక్షలు జరిగినవి. రోజునకు సుమారు 60 మైళ్ళ చొప్పున ఐదు దినములు నడువవలయును. 1919 లో రామ్లా అను అరబ్బీ ఆడుగుఱ్ఱము గెలిచినది. 1921 లో 245 పౌనుల బరువుతో క్రాబెట్ అను అరబ్బీ గుఱ్ఱము గెలిచినది. ఆ పరీక్షలో వేగమునకే గాక, పరీక్షాంతమున శరీరము ఉన్న స్థితికిని, తిన్న మేత పరిమాణమునకును గూడ గుణములుండెను. త్వరగా వచ్చి కూలిపోయిన గుఱ్ఱమునకు అందు స్థానము లేదు.

నేడు అంతర్జాతీయ దూరపు స్వారిపోటీలలో ఇదే సూత్రము నాడిని బట్టి అమలగుచున్నది. దారిలో ఏర్పఱచిన మజిలీలలో పశువైద్యుడు చూచును. నియమితకాలము లోపల గుఱ్ఱపు నాడి నిమిషమునకు 64 కు దిగనిచో, లేక నడకలో కుంటు కనబడినచో, అది యెంత ముందున్నను పోటీనుండి తొలగింపబడును. ఈ పోటీలలో అరబ్బీ రక్తము గల గుఱ్ఱములదే పైచేయి.

పందెమునకును పరీక్షకును భేదము

ఈ ప్రాంతపు పండుగపందెములను చూచి, "గెలిచిన గుఱ్ఱమునే విత్తనమునకు వాడుచున్నాము గదా, పరీక్ష వేఱే యెందుకు?" అని రైతులు అనవచ్చును. పందెము ఆ దినమున ఎవరు ముందు వచ్చిరో చెప్పును. ఒక మైలు లోపల తేలిపోవు పందెమున కండబలమును, రౌతు యొక్క చాతుర్యమును, కొరడాయు కలిసి పనిచేయును. మఱునాటి ఉదయము ఆ గుఱ్ఱము కుంటుచున్నదా, మేత మానినదా అని చూచువారు లేరు. ఓడినవాని బరువెంత, గెలిచినవాని బరువెంత అని వ్రాసియుంచువారును లేరు. పందెములో గెలుపొక్కటే ఫలము. పరీక్షలో ఓడినదాని వివరము గూడ లెక్కలోనికి వచ్చును. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలలో బండ బరువు, కాలము, లాగిన దూరము కొలుతురు గనుక అది పరీక్షకు కొంత దగ్గఱ. గుఱ్ఱపు పందెములకు ఆ మాత్రపు కొలతయైనను రావలయును.

ఉక్కు కర్మాగారము చెంత నుండువారికి ఇంకొక పోలిక సులభముగా బోధపడును. ఉక్కును పోతపోసిన తరువాత ఒక తుంటను కోసి, యంత్రమున బిగించి, తెగువఱకు లాగి, ఎంత బలమునకు తెగినదో కొలిచినగాని ఆ సరకుపై ముద్ర పడదు. ఇనుమునకు చెల్లునది ప్రాణికి చెల్లదు. ఇనుపతుంటను తెగువఱకు లాగవచ్చును. గుఱ్ఱమును తెగువఱకు లాగరాదు. అలసట మొదలై, గాయము కలుగకమునుపే ఆపుటయే గుఱ్ఱపు పరీక్షలోని నేర్పు.

పరీక్ష చేయు క్రమము

ఒకటవది: శరీరపరీక్ష. నాలుగేండ్లు నిండని మగగుఱ్ఱమును పనిపరీక్షకు తేరాదు. పశువైద్యునిచే కన్నులు, పండ్లు, గుండె, ఊపిరి, కాళ్ళు, గొరిజలు చూపింపవలయును. పై దౌడ క్రిందిదానికంటె ముందుకు వచ్చి చిలుకముక్కువలె నున్నచో అది మేత సరిగా కొఱుకలేదు. వృషణములు రెండును క్రిందికి దిగియుండవలయును. ఒక్కటియే దిగినది పిల్లలను పుట్టింపగలిగినను దానిని విత్తనమునకు వాడరాదు. ఆ లోపము సంతానమునకు దిగు అవకాశము కలదు.

రెండవది: రోగపరీక్ష. గ్లాండర్సు అను రోగము గుఱ్ఱముల నుండి మనుష్యులకు గూడ అంటి ప్రాణము తీయును. అంటురక్తహీనత యను మఱియొక రోగము ఒకసారి పట్టిన జీవితాంతము విడువదు. సర్రా యను జ్వరము జోరీగలచే వ్యాపించును. ఈ మూటికిని రక్తపరీక్షలు కలవు. 1985 లో హిసారునందు స్థాపింపబడిన జాతీయ అశ్వపరిశోధన కేంద్రము ఇట్టి పరీక్షలకు దేశమున ముఖ్యస్థానము. ప్రభుత్వ పశువైద్యుని ద్వారమున రక్తపు నమూనాను పంపవచ్చును. రోగపరీక్ష కానిదే దాటింపరాదు. ఒక్క దాటుతో రోగము మందకంతకును ప్రాకవచ్చును.

మూడవది: బరువు నిర్ణయము. ముందు గుఱ్ఱపు బరువును తెలిసికొనవలయును. త్రాసు లేనిచోట టేపు చాలును. ముందుకాళ్ళ వెనుక ఱొమ్ము చుట్టుకొలతను సెంటిమీటర్లలో తీసి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, భుజపు కొన నుండి పిఱుదు కొనవఱకు గల పొడవుచే మరల హెచ్చించి, 11,900 చే భాగించిన కిలోగ్రాముల బరువు సుమారుగా వచ్చును. ఉదాహరణమునకు చుట్టుకొలత 140, పొడవు 125 గల కొండగుఱ్ఱము బరువు సుమారు 206 కిలోలు. జీనుతోను కంట్లముతోను గూడి దాని వీపున వేయు బరువు అందులో ఐదవవంతు, అనగా 41 కిలోలు మించరాదు. రెండు బస్తాల బియ్యము మోసినదని గొప్ప చెప్పుకొనుట గుఱ్ఱపు గొప్పను గాక యజమానుని అజ్ఞానమును తెలుపును.

నాలుగవది: పనిపరీక్ష. మార్గశిర పుష్యమాసములు ఇందుకు తగిన కాలము. సముద్రతీరపు ఉక్కలో వేసవియందు పరీక్షించుట ప్రాణాపాయము. ఆఱు వారములు క్రమముగా నడిపించి శరీరమును సిద్ధపఱచిన పిమ్మట, వరుసగా మూడు దినములు తెల్లవారుజామున బయలుదేరి, ఐదవవంతు బరువుతో, ఎగుడుదిగుడు దారిలో ఒకే దూరము నడపవలయును. పొట్టి గుఱ్ఱములకు రోజునకు 12 మొదలు 15 మైళ్ళు చాలును. బయలుదేరుటకు ముందును, చేరిన వెంటనే, చేరిన పావుగంటకును, అరగంటకును నాడిని చూచి వ్రాయవలయును. దౌడ క్రింద వ్రేళ్ళు పెట్టిన నాడి తెలియును. విశ్రాంతిలో నున్న గుఱ్ఱమునకు నిమిషమునకు 28 మొదలు 44 వఱకు నాడి కొట్టుకొనును. అరగంటకు గూడ 64 కు దిగనిచో ఆ దినముతో పరీక్ష నిలిపివేయవలయును. మెడపై చర్మమును చిటికెతో పట్టి విడిచిన వెంటనే సరిగా పడవలయును. ఆలస్యముగా పడినచో ఒంటిలో నీరు తగ్గిన దనుట. చిగుళ్ళు తడిగాను గులాబిరంగుగాను ఉండవలయును. ప్రతి ఉదయమును కళ్ళెము పట్టి గట్టినేలపై పరుగెత్తించి కుంటు చూడవలయును. మేతయు నీరును ఎంత పుచ్చుకొన్నదో కొలువవలయును. మూడవ దినపు ఉదయమున ఆకలితో మేత తిని, కుంటక, చెవులు నిక్కించి బయలుదేరు గుఱ్ఱమే ఈ పరీక్షకు నిలిచినది.

ఐదవది: స్వభావము. కఱచునది, తన్నునది, ఆడుగుఱ్ఱమును చూచిన పట్టు తప్పునది ఎంత బలిష్ఠమైనను తక్కువ గుణములే పొందవలయును. కొండదారిలో ఒకవైపు లోయ యుండగా బెదరు గుఱ్ఱము సరకునే గాక వెంటనున్న మనుష్యునిగూడ త్రోసివేయును. క్రొత్తవాడు లాడము కొట్టునప్పుడు నిలుచునా, నీటిని దాటునా, గుంపునుండి వేఱుపఱచిన ఒంటరిగా పోవునా అని చూడవలయును.

ఆఱవది: సంతానశక్తి. వీర్యమును పశువైద్యుడు సూక్ష్మదర్శినితో చూచును. గుఱ్ఱమునందు వీర్యబీజము పుట్టి పక్వమగుటకు సుమారు 57 దినములు పట్టును. కావున తీవ్రజ్వరము వచ్చిన గుఱ్ఱమును రెండు మాసముల పిమ్మటనే పరీక్షింపవలయును. ముందే పరీక్షించి త్రోసివేయుట అన్యాయము.

కంటికి కనబడని దోషము

ఇన్ని పరీక్షలకును నిలిచిన మగగుఱ్ఱములో గూడ గుప్తదోష ముండవచ్చును. అరబ్బీజాతిలో పుట్టుకతోనే రోగనిరోధకశక్తి లేని పిల్లలు పుట్టు ఒక వ్యాధి కలదు. అట్టి పిల్ల కొలది మాసములలోనే మరణించును. తండ్రికిని తల్లికిని ఈ దోషబీజము ఒక్కొక్కటి యున్నను వారు సంపూర్ణారోగ్యముతో నుందురు, పందెములు గెలుతురు, బరువులు మోయుదురు. అట్టి రెంటిని కలిపినప్పుడు సగటున నాలుగు పిల్లలలో ఒకటి చచ్చును. 1997 నుండి ఈ దోషమును రక్తము లేక వెండ్రుకలద్వారా కనిపెట్టు పరీక్ష యున్నది. అరబ్బీ మగగుఱ్ఱమును గాని, అరబ్బీ కలిసినదానిని గాని కొనువారు ఈ పరీక్షాపత్రమును అడిగి తీసికొనవలయును. దోషబీజము గల గుఱ్ఱమును చంపనక్కఱలేదు; బీజము లేని ఆడుగుఱ్ఱములకే దాటించిన పిల్లలు చావవు. కాని గ్రామములో ఆడుగుఱ్ఱములకు పరీక్ష జరుగదు గనుక, అట్టి మగగుఱ్ఱమును గ్రామమునకు తేకుండుటయే మేలు.

ఆంబోతు నేర్పు పాఠము

పాడిపశువులలో ఈ చిక్కు మఱింత స్పష్టము. ఆంబోతు పాలీయదు. దాని కుమార్తెలు ఈని, పాలు కొలిచినగాని దాని విలువ తేలదు. అందుచేతనే సంతానపరీక్ష అను పద్ధతి పాడిపశువులలో పెరిగినది. 1940 లో చెన్నపురి రాజధానియందు పశువృద్ధిచట్టము వచ్చి, విత్తనపు ఆంబోతునకు అనుమతిపత్రము అవసరమనియు, తగనివానికి విత్తులు తీయింపవలె ననియు నియమించినది. 1960 దశకపు మొదటి యేండ్లలో ఒంగోలు ప్రాంతమునుండి బ్రెజిలు దేశమునకు పోయిన కరవది యను ఆంబోతునకు అచ్చట పేరు వచ్చినది తన మూపురము చూచి కాదు, తన సంతానము చూచి. గుఱ్ఱమున కొక సౌకర్యము కలదు. మగదియు ఆడుదానివలెనే బరువు మోసి, దారి నడచి చూపగలదు. ఆ సౌకర్యమును వాడుకొనకుండుట రైతు యొక్క తప్పే యగును. అయినను పనిపరీక్షతో సంగతి ముగియదు. కాబట్టి అనుమతిని రెండు మెట్లుగా ఇచ్చుట మంచిది. పనిపరీక్షలో నిలిచినదానికి మొదట రెండేండ్లకు మాత్రము, పది ఆడుగుఱ్ఱములకు మించకుండ తాత్కాలికానుమతి. పుట్టిన పిల్లల కాళ్ళు, దౌడలు, పెరుగుదల చూచిన పిమ్మట పూర్ణానుమతి. ఆ పిల్లలు నాలుగేండ్లవై పనిలోనికి వచ్చినప్పుడు మరల ఒకసారి విచారణ.

తగని గుఱ్ఱపు యజమాని మాట

ఈ యేర్పాటున కష్టపడువాడు ఒకడు కలడు. వాడు తగదని తేలిన మగగుఱ్ఱము యొక్క యజమాని. దాటునకు వచ్చు రుసుముతో కుటుంబమును పోషించుకొను పేదవానికి "నీ గుఱ్ఱమునకు విత్తులు తీయింపుము" అని చెప్పుట సులభము. వాని నోటికాడి కూడు పోవుట నిజము. ఆ నష్టమును ఊరివారు చూడనిచో వాడు రాత్రివేళ రహస్యముగా దాటించును, పరీక్ష వ్యర్థమగును. కాబట్టి ఆడుగుఱ్ఱములు గలవా రందఱును కొంతకొంత చందా వేసి, తగని గుఱ్ఱమునకు శస్త్రచికిత్స ఖర్చును, ఒక యేటి రుసుములో కొంతభాగమును ఇచ్చుట న్యాయము. విత్తులు తీసిన గుఱ్ఱము నెమ్మదించి, ఆడుగుఱ్ఱములతో కలిసి మేసి, బరువుపనికి మఱింత బాగుగా వచ్చును గనుక యజమానికి అది పూర్తి నష్టము కాదు. ఐదేండ్లు పనికిరాని పిల్లలను పెంచు నష్టముతో పోల్చిన ఈ చందా స్వల్పము.

అరబ్బీ గుఱ్ఱమే కావలయునా యను ప్రశ్నకు గూడ సమాధాన మిందే యున్నది. మైదానమున అరబ్బీ ఓర్పు శ్రేష్ఠము. కొండదారికి పొట్టికాళ్ళు, గట్టిగొరిజ, కొలదిమేతతో బ్రతుకుట అవసరము; స్థానికపు గుఱ్ఱములలో ఆ గుణములు తరతరములుగా నిలిచియున్నవి. పెద్ద మగగుఱ్ఱమును మిక్కిలి చిన్న ఆడుగుఱ్ఱమునకు దాటించి, పొడవుకాళ్ళ పిల్లను కొండమీదికి తోలుట వివేకము కాదు. ఏ జాతియని అడుగుటకు ముందు ఈ నేలపై, ఈ బరువుతో, మూడు దినములు నడచి చూపినదా యని అడుగవలయును. చూపిన స్థానికపు గుఱ్ఱము చూపని అరబ్బీ కంటె మేలు. చూపిన అరబ్బీ దొరకినచో అది అదృష్టమే.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన అంశములు

1. నాలుగేండ్లు నిండక, రోగపరీక్ష కాక మగగుఱ్ఱమును దాటింపరాదు.
2. సుడియు, రంగును, పందెపు గెలుపును విత్తనమునకు ఆధారములు కావు.
3. ఐదవవంతు బరువుతో మూడు దినముల నడక, ఆ పిమ్మట నాడి, కుంటు, ఆకలి చూచుట ముఖ్యపరీక్ష.
4. అరబ్బీ కలిసినదానికి దోషబీజపరీక్ష పత్రమును అడుగవలయును.
5. మొదట తాత్కాలికానుమతి, పిల్లలను చూచిన పిమ్మట పూర్ణానుమతి.
6. తగనిదానికి విత్తులు తీయించి, యజమానికి చందామూలముగా సాయము చేయవలయును.
7. ప్రతి దాటును, పుట్టిన ప్రతి పిల్లను, చచ్చినదానితో సహా, తేదీతో గ్రామపు పుస్తకమున వ్రాయవలయును.

ఈ పుస్తకమునకు వెల యొక కాగితపు దస్తా మాత్రమే. అది లేనిచోట పరీక్షలు జరిగిన యేడే మఱపున పడిపోవును; అది యున్నచోట పదేండ్లకు ఆ గ్రామము తన గుఱ్ఱములను తానే ఎఱుగును. రానున్న మార్గశిరమునకు ముందే ఆడుగుఱ్ఱముల యజమానులు కూడి, సమీపమున నున్న పశువైద్యునితో ఆలోచించి, ఒక్క మగగుఱ్ఱముతోనైనను ఈ పరీక్షను ప్రారంభింపవలెనని కోరడమైనది.